సికింద్రాబాదు బాలురు - మద్యపానము

మద్యపానమును గూర్చి తెలుగు పత్రికలు నూరేండ్లకు పైగా వ్రాయుచునే యున్నవి. ఆ వ్రాతలు మిక్కిలిగా పెద్దవారిని గూర్చినవే. కూలిడబ్బు దుకాణమున పోసి చీకటిపడి యిల్లు చేరు తండ్రి, పుస్తెలు కుదువబెట్టిన తల్లి, పొయ్యి రాజని వంటయిల్లు - ఈ చిత్రము మనకు కంఠపాఠమైనది. ఇందులో పదునారేండ్ల బాలునికి చోటు లేదు. ఉన్నను వాడు తలుపుచాటున నిలిచి యేడ్చువాడే గాని తానే సీసామూత తీయువాడు గాడు. అట్టివాడు కంటబడినపుడు 'చెడుసావాసము పట్టినాడు' అని ఒక్కమాటతో తీర్పు చెప్పి, ఆ సావాసమెవరిది, అది వానికేల కావలసి వచ్చెను అను ప్రశ్నలను మనము విడిచిపెట్టుచున్నాము.

సికింద్రాబాదువంటి పట్టణమున ఈ ప్రశ్నలను విడిచిపెట్టుట క్షేమము గాదు. ఇది వర్తకుల బజారు మాత్రమే గాదు, పెద్ద రైలుకూడలి. నల్లగొండ, వరంగల్లు, మెదకు, కరీంనగరము జిల్లాల గృహస్థులు తమ బిడ్డలను చదువునకై తెచ్చి దింపు రేవు. దిగిన బాలుడు హాస్టలునందో, నలుగురు కలసి అద్దెకు తీసికొన్న గదిలోనో నివసించును. తండ్రి నెలకొకసారి డబ్బు పంపును, వారమునకొకసారి ఫోను చేయును, మార్కుల నడుగును. వాని సాయంకాలము లెట్లు గడచుచున్నవో అడుగువాడు లేడు.

మా అభిప్రాయమును ముందే చెప్పెదము. ఆ వయస్సునందలి బాలుడు సామాన్యముగా మత్తు కొరకు మద్యమును వెదకడు. వాడు తోడు కొరకును, మనస్సున మెలిపెట్టు బాధకు కొంత ఉపశాంతి కొరకును వెదకుచుండును. దారిలో ఆ రెండును ఇత్తునని మద్యము ఎదురుపడును. ఇచ్చువారు మరెవ్వరును లేకపోవుటయే రోగము. సీసా దాని లక్షణము. ఈ భేదమును గ్రహింపక చేయు ఉపదేశములన్నియు, వేయు దండనలన్నియు గాలికి పోవుచున్నవి.

లెక్కలేమి చెప్పుచున్నవో చూతము. భారత ప్రభుత్వపు సామాజిక న్యాయశాఖ 2019లో ప్రకటించిన దేశవ్యాప్త పరిశీలనలో, పది మొదలు పదునేడేండ్ల ప్రాయమువారిలో మద్యము సేవించువారు నూటికి 1.3 మంది యని తేలినది. వినుటకు అల్పముగా నుండును. కాని ఇది ఇంటింటికి పోయి అడిగి వ్రాసికొన్న లెక్క. స్వగృహమున నిలిచి బాలుడు చెప్పిన జవాబు నెంతవరకు నమ్మవచ్చునో పాఠకులే యూహింతురుగాక. వేరొక లెక్క మాకు ఇంతకంటె ముఖ్యముగా తోచుచున్నది. 2019-21 సంవత్సరములలో జరిగిన జాతీయ కుటుంబారోగ్య పరిశీలన ప్రకారము, పదునైదేండ్లు దాటిన పురుషులలో మద్యము సేవించువారు దేశమంతటను నూటికి 18.8 మంది కాగా, తెలంగాణమున 43.3 మంది. స్త్రీలలో దేశమంతటను 1.3 కాగా, ఇచ్చట 6.7. అనగా మన బాలుడు తన చుట్టును చూచినపుడు కనబడు మగవారిలో ఇంచుమించు సగముమంది త్రాగువారే. తండ్రి, మేనమామ, బావ, పొలము కౌలుకు చేయువాడు, పెండ్లికి వచ్చిన అతిథి - వీరిలో ఎవరో ఒకరు వానికి మొదటి గురువు. చెడుసావాసము వీథిచివర మొదలగునని మనము తలచుచున్నాము. అది పెక్కిండ్లలో పడమటింటనే మొదలగుచున్నది.

ఈ పట్టణపు పుట్టుకలోనే దండుయొక్క వాసన కలదు. 1798 నాటి సంధి ననుసరించి నిజాము రాజ్యమున నిలిచిన ఇంగ్లీషు సైన్యము హుస్సేనుసాగరమునకు ఉత్తరమున దిగినది. 1806లో ఆ దండుబస్తీకి సికందర్‌జా నవాబు పేరు పెట్టబడినది. దండు ఎచ్చట నుండునో సారాదుకాణము అచ్చటికి నడచివచ్చును. ఆబ్కారీ రాబడి యెరిగిన ప్రభుత్వమేదియు దానిని వదలుకొనదు. నిజాము సర్కారును వదలుకొనలేదు. అట్టి చోటనే 1912లో అరిగె రామస్వామిగారు 'సునీత బాల సమాజము'ను నెలకొల్పి, మద్యపానమును, జంతుబలిని, బాల్యవివాహములను మానవలెనని అణగారిన కులముల వాడలలో ప్రచారము చేసిరి. హైదరాబాదున భాగ్యరెడ్డివర్మగారు చేసిన కృషియు అట్టిదే. ఈ మహనీయులను మనము నేడు సభలలోనైన తగినంతగా స్మరించుట లేదు. గమనింపదగిన విషయమేమనగా, రామస్వామిగారు తమ సంఘమునకు బాలుర పేరు పెట్టిరి. ముదిరిన త్రాగుబోతును మరలించుటకంటె, త్రాగుడు రుచి యెరుగని పిల్లవానికి వేరొక కూడలిని చూపుట మేలని వారికి తోచియుండును.

ఇక కల్లు సంగతి. ఆషాఢమాసమున ఉజ్జయినీ మహాకాళికి బోనములెత్తు పట్టణమున కల్లును గూర్చి తెల్లబట్ట కట్టి మాటలాడుట తగదు. 1813లో కలరా ప్రబలినపుడు ఉజ్జయిని దండులో నున్న సురిటి అప్పయ్య మ్రొక్కుకొని, తిరిగివచ్చి 1815లో ఇచ్చట అమ్మవారిని నిలిపెనని స్థలకథ చెప్పుచున్నది. నాటినుండియు వేపమండలతో, పసుపునీళ్లతో పాటు కల్లును అమ్మవారికి సాకగా చెల్లుచునే యున్నది. పల్లెలలో తాటివనము, ఈతవనము గౌడకులమువారి జీవనము. వేకువను దించిన చెట్టురసము తీపిగా నుండి, ప్రొద్దెక్కినకొలది తానే పులిసి కల్లగును. దానిలోని మత్తు నూటికి నాలుగైదు పాళ్లకు మించదు. పెద్దలు, పిల్లలు, దేవతయు సాక్షులుగా నుండగా పండుగనాడు కొంచెము పుచ్చుకొనుటకును, పదునారేండ్లవాడు నలుగురికి దాగి మేడమీద నీటిట్యాంకుచాటున సగము సీసా విస్కీ యొక్క గుటకలో మ్రింగుటకును మిక్కిలి యంతరము కలదు. మొదటిదానికి కట్టుబాటు కలదు, అంతము కలదు. రెండవదానికి రెండును లేవు. ఆచారమును నిందించి సంస్కర్తలమైతిమని తృప్తిపడుట సులభము. కాని నేటి బాలుని చెరచుచున్నది ఆచారము గాదు, ఆచారము విడిపోయిన తరువాత మిగిలిన మత్తు.

ఆ కల్లును కూడ మనము కల్లుగా మిగుల్చుకొనలేదు. పట్టణమున చెట్లు లేవు, గిరాకి కలదు. నీటిలో చక్కెరయు, శాకరినును కలిపి, క్లోరలు హైడ్రేటో, డయాజిపామో, ఆల్ప్రజోలామో వేసి, కల్లని పేరుపెట్టి అమ్ముట తెలంగాణమున చిరకాలపు దురాగతము. నగరమున 2004లో మూతపడిన కల్లుదుకాణములు 2014లో మరల తెరువబడినవి. 2025 జూలైలో కూకటుపల్లి ప్రాంతమున కల్తీకల్లు త్రాగి పలువురు మరణించిరి. పాఠకులలో ననేకు లెరుగని సంగతి మరియొకటి కలదు. 2015 సెప్టెంబరులో ప్రభుత్వము కల్తీని గట్టిగా అరికట్టినపుడు, నిజామాబాదు, మహబూబునగరము జిల్లాలలో జనము గుంపులుగా ఆసుపత్రులలో చేరిరి. త్రాగి గాదు, త్రాగుటకు ఆ మందు దొరకక. వణుకు, మూర్ఛలు, పిచ్చిమాటలు, అదుపులేని ప్రవర్తన. కావున బిడ్డ ఇట్టి కల్లునకు అలవాటుపడినాడని తెలిసిన తండ్రి వానిని గదిలో పెట్టి తాళము వేయరాదు. హఠాత్తుగా మాన్పించుట ప్రాణాపాయము; వైద్యుని చెంత క్రమముగా తగ్గింపవలెను. ఈ ఒక్క సంగతి తెలియక చేసిన కోపము కొన్ని యిండ్లలో తీరని నష్టమును తెచ్చును.

బాలుని మనస్సునకు వత్తము. పదునాల్గు మొదలు పందొమ్మిది వరకు గల ప్రాయమున సుఖమును, సాహసమును కోరు మెదడుభాగములు ముందు బలపడును. తగునా తగదా యని నిదానించి కళ్లెము లాగు ముందుభాగము ఇరువదియైదేండ్ల వరకు పక్వమగుచునే యుండును. గుఱ్ఱము ముందు పెరిగి రౌతు తరువాత పెరిగినట్లు. ఈ వయస్సున అవమానము పెద్దవానికంటె లోతుగా దిగును, స్నేహితుల మెప్పు పెద్దవానికంటె తీయగా నుండును. ఇది దుర్గుణము గాదు, ప్రకృతి. పల్లెలో ఇంటి పేరుతో పిలువబడినవాడు పట్టణపు కళాశాలలో హాజరుపట్టీ సంఖ్య యగును. ఇంగ్లీషు ఉచ్చారణకు ఎవరో నవ్వుదురు. ప్రవేశపరీక్షకై తెల్లవారుజామున లేచి రాత్రి పది వరకు బల్లకు కట్టుబడి యుండుట, వారపు పరీక్షల ఫలితములను గోడకు అంటించి వరుసలు పెట్టుట, తండ్రి కట్టిన ఫీజు మొత్తము ఫోనులో వినబడుట. వీనిలో ఏదియు ఒక్కటిగా పెద్దదిగాదు. అన్నియు కలసి రాత్రి పదకొండు గంటలకు గదిలో వాని రొమ్ముపై కూర్చుండును. అపుడు ప్రక్కమంచము వాడు 'కొంచెము పుచ్చుకో, అన్నియు మరచిపోదువు' అని ప్రేమతోనే యిచ్చును. ఆ గ్లాసును ఇచ్చిన చేయి ఆ రాత్రి వానికి ఈ పట్టణమున దొరకిన ఏకైక స్నేహహస్తమని మనము మరువరాదు. కాదనిన యెడల వాడు మద్యమును మాత్రమే గాదు, స్నేహమును కాదనినవా డగును.

మద్యము మొదట తాను చెప్పిన మాట నిలుపుకొనును. అదియే దాని మోసము. నాడుల వేగమును మందగింపజేయు ద్రవ్యము గనుక గంటలోపల బెదురు తగ్గును, నాలుక తేలికపడును, నవ్విన వారిపై పగ చల్లారును. తెల్లవారుజామున నిద్ర చెదరును. తగ్గిన బెదురు వడ్డీతో తిరిగివచ్చును. దానిని తీర్చుటకు మరల అప్పు. ఋణపత్రముల సంగతి యెరిగిన మన పాఠకులకు ఈ వ్యాపారమును వివరింప నక్కరలేదు. మరియొక చిత్రము కలదు. జంతువులపై జరిపిన పరిశోధనలలో, లేతప్రాయమున తూలుడును, మగతయు పెద్దప్రాయమునకంటె తక్కువగా కలుగుచున్నట్లు తేలినది. అనగా ఇక చాలునని దేహము చేయు హెచ్చరిక బాలునికి ఆలస్యముగా వినబడును. ఎంత త్రాగినను నిలువగలవాడని తోటివారు వానిని గట్టివాడని మెచ్చుదురు. మెప్పు పొందవలసినవాడు గాదు, అందరికంటె అపాయమున నున్నవాడు వాడే.

1997లో అమెరికాదేశమున ప్రకటితమైన యొక పరిశీలన తరచుగా ఉదాహరింపబడుచున్నది. పదునైదేండ్లకు ముందే త్రాగుట మొదలిడినవారిలో నూటికి ఇంచుమించు నలువదిమంది జీవితమున నెప్పుడో వ్యసనమునకు లోబడిరి. ఇరువదియొకటి దాటి మొదలిడినవారిలో పదిమంది. దీనినిబట్టి ముందు త్రాగుటయే కారణమని తేల్చుట తొందరపాటు. అంత ముందుగా త్రాగుటకు వానిని తరిమినదేదియో అదియే తరువాతి వ్యసనమునకును మూలమై యుండవచ్చును. 1998లో అదే దేశమున వెలువడిన మరొక పరిశీలన ఆ మూలమును చూపినది. బాల్యమున కొట్టబడుట, అవమానింపబడుట, తల్లిపై జరుగు హింసను చూచుట, ఇంట త్రాగుబోతు గాని మతి చెడినవారు గాని యుండుట మొదలగు కష్టములలో నాలుగైన ననుభవించినవారికి, ఏదియు ననుభవింపని వారికంటె మద్యవ్యసనము, మాదకద్రవ్యములు, విషాదరోగము, ఆత్మహత్యాప్రయత్నము అనునవి నాలుగు మొదలు పండ్రెండు రెట్లు అధికముగా సంభవించెనట. సారాకు డబ్బెక్కడ దొరకినది యని బాలుని నిలదీయు తండ్రులు, ఆ దుఃఖమెక్కడ దొరకినదని ఒక్కసారియైన అడిగిరా?

త్రాగు తండ్రిగల యింటి పెద్దకొడుకును చూచినవారికి ఈ లెక్కలతో పనిలేదు. వాడు పండ్రెండేండ్లకే పెద్దవాడగును. తండ్రి యడుగుల చప్పుడునుబట్టి ఆ రాత్రి యెట్లుండునో చెప్పగలడు. తమ్ముని, చెల్లెలిని వేరుగదిలో పరుండబెట్టును. స్నేహితుల నింటికి పిలువడు. నేను మాత్రము ముట్టనని ఒట్టు పెట్టుకొన్నవాడే యొకనాడు ముట్టును. దుఃఖమును దింపుకొనుటకు ఆ యింట వానికి నేర్పబడిన విద్య అదియొక్కటే. తండ్రి త్రాగుచు కొడుకును త్రాగవద్దనుటలో తర్కము లేదని బాలుడు ఏనాడో గ్రహించును; మనము గ్రహించుటకు ఇంకను జాగు చేయుచున్నాము.

దీనికి తోడు మన సాహిత్యమును, చలనచిత్రములును ఒక పాఠము చెప్పినవి. శరత్‌బాబు నవల 1917లో అచ్చైనది. 1953లో వేదాంతము రాఘవయ్యగారు దానిని తెలుగుతెరకెక్కింపగా అక్కినేని నాగేశ్వరరావుగారి దేవదాసు ఇంటింటివాడయ్యెను. నటన యుత్తమము, పాటలు మధురములు. వానిని తక్కువచేయుట మా యుద్దేశము గాదు. కాని ఏడ్చుట మగతనము గాదని చిన్ననాటనుండి చెప్పబడిన బాలునికి, సీసా చేతబట్టిన యెడల ఏడువవచ్చునను అనుమతి ఆ పాత్రనుండి దొరకినది. తరువాతి చిత్రములలో సంగీతము మారినది గాని అనుమతి మారలేదు. తెర మూలను 'మద్యపానము ఆరోగ్యమునకు హానికరము' అని చీమతలకాయలంత అక్షరములలో వేసి కథానాయకుని చేత గ్లాసు పట్టించుట, గుడి ముందు చెప్పులు విడిచి వెనుకద్వారమున దూరుటవంటిది. మద్యప్రకటనలను టెలివిజనులో నిషేధించి చిరకాలమైనను, అదే పేరుతో సోడాయో, సంగీతపు డిస్కులో అమ్ముచున్నట్లు నటించు ప్రకటనలు వచ్చుచునే యున్నవి.

ధనికుల బిడ్డల సంగతి వేరు, ఫలితము వేరుగాదు. నగరపు అంచులలో భూముల ధర లెగసిన పిదప, ఎకరము అమ్మిన తండ్రి కొడుకునకు మోటారుబండిని, జేబునిండ రూకలను ఇచ్చినాడు. తనతో గడుపు ప్రొద్దును మాత్రము ఇయ్యలేదు. ఆ కుర్రవానికి తోట బంగళాలలో జరుగు విందులున్నవి. రైలుస్టేషను చుట్టును తిరుగు దిక్కులేని పిల్లలకు మద్యముకూడ దుర్లభము. వారు పంక్చరుజిగురును, అక్షరములను చెరుపు తెల్లద్రవమును గుడ్డలో పోసి పీల్చుచున్నారు. పైని చెప్పిన 2019 నాటి పరిశీలనలో ఈ పీల్చుమత్తు మాత్రమే పెద్దవారికంటె పిల్లలలో అధికముగా కనబడినది. పెద్దలలో నూటికి 0.58, పిల్లలలో 1.17. బాలికలును ఈ యాపదకు వెలిగా లేరు. వారు దొరకిపోయిన నాడు పరువుపేర జరుగు దండన బాలునికి జరుగుదానికి పదిరెట్లు గనుక, వారి సంగతి మరింత లోతుగా దాగుచున్నది. వైద్యుని చేరుటయు అంతే యాలస్యమగుచున్నది.

ప్రభుత్వ మేమి చేయుచున్నదని యడుగుట మా విధి. రాజ్యాంగపు 47వ అధికరణము మద్యనిషేధమునకు ప్రయత్నింపవలెనని ప్రభుత్వముల నాదేశించుచున్నది. 1992లో నెల్లూరుజిల్లా దూబగుంట గ్రామపు స్త్రీలు అక్షరములు నేర్చుకొని, ఆ అక్షరములతోనే సారాపై తిరుగబడగా, 1993 అక్టోబరులో రాష్ట్రమంతట సారా నిషేధమైనది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధము వచ్చినది. 1997లో అది తొలగినది. నేడు తెలంగాణమున 2,620 మద్యపు దుకాణములు. 2023లో వాని లైసెన్సులకు చీట్లు వేయగా లక్షా ముప్పదివేలకు పైగా దరఖాస్తులు వచ్చినవి. తిరిగి యియ్యబడని రుసుము దరఖాస్తుకు రెండు లక్షలు. చీటి తగులనివారి డబ్బుతో కలిపి ఆ రుసుము రూపముననే సర్కారునకు 2,600 కోట్లకు పైగా చేరినది. ఒక్క సీసాయైన అమ్ముటకు ముందే. ఇట్టి రాబడి రుచి మరిగిన ఖజానా, ఇరువదియొక్క యేండ్లు నిండనివానికి మద్యమమ్మరాదను తన చట్టమును తానే గట్టిగా నడుపునని నమ్ముట కష్టము. బాలురకు మద్యము నిచ్చినవారికి ఏడేండ్ల వరకు కఠినశిక్షయు, లక్షరూపాయల వరకు జరిమానాయు విధింపవచ్చునని 2015 నాటి బాలన్యాయచట్టము 77వ విభాగము చెప్పుచున్నది. వైద్యుని యాదేశమున నిచ్చినదానికి తప్ప మినహాయింపు లేదు. అన్న పెండ్లిలో 'రుచి చూడుమురా' అని పోయు మేనమామయు అందులో చేరును. ఆ సంగతి మేనమామలకు తెలియదు.

ఐనను శాసనముతోనే సర్వము సాధ్యమని మేము చెప్పము. మౌసలపర్వమున నొక ఘట్టము కలదు. ద్వారకలో ఎవ్వరును మద్యము కాచరాదనియు, కాచినవానికి కొఱుత తప్పదనియు చాటింపు వేయించిరి. పౌరులు భయపడి మానిరి. తరువాత ప్రభాసతీర్థమునకు పోయినపుడు ఆ చాటింపు వేయించిన పెద్దలే, శ్రీకృష్ణుని సన్నిధినే, కుమారులతో కలసి త్రాగిరి. అచ్చట సాత్యకియు, కృతవర్మయు పాతపగలను త్రవ్వుకొనిరి, తుంగపరకలు రోకళ్లైనవి. ముసలమును పిండి చేయించి సముద్రమున కలిపించిన రాజశాసనము, తండ్రులు తమ చేతిపాత్రను దింపనందున నిష్ఫలమైనది.

శాసనమును, తండ్రుల నడవడియు కలసి పనిచేసినచోట నేమి జరుగునో తెలిసికొనుటకు ఉత్తరసముద్రమున ఐస్‌లాండు అను ద్వీపము కలదు. అచ్చటి జనము మిక్కిలి కొద్ది. 1998లో అచ్చటి పదునైదు పదునారేండ్లవారిలో నూటికి 42 మంది గడచిన నెలలో మత్తెక్క త్రాగితిమని చెప్పిరి. 2016 నాటికి ఆ సంఖ్య 5కు దిగినది. ఇరువది నిండనివానికి మద్యమమ్మరాదను నిబంధనను నిజముగా నడపిరి, ప్రకటనలను నిలిపిరి, చిన్నపిల్లలు రాత్రి గడియ దాటి వీథులలో తిరుగరాదని నిర్ణయించిరి. అంతటితో నాగలేదు. ఆటలకు, సంగీతమునకు, నృత్యమునకు ప్రతి బాలునికి పురపాలకసంఘము డబ్బిచ్చినది. తల్లిదండ్రులు పాఠశాలలో కూడి, వారమున నింత ప్రొద్దు బిడ్డతో గడుపుదుమని తమలో తాము ఒడంబడికలు వ్రాసికొనిరి. పాఠశాల పాఠశాలకు వివరములు సేకరించి, ఎచ్చట బాలురు ఒంటరివారగుచున్నారో కనుగొనిరి. ఆ దేశపు చలి వేరు, సంపద వేరు, కులములు లేవు, అద్దెగదులలో బ్రదుకు పల్లెబాలురు లేరు. కాబట్టి ఆ పద్ధతిని యథాతథముగా ఇచ్చట నాటలేము. కాని త్రాగవద్దను ఉపన్యాసములతో గాక, సాయంకాలమునకు పని కల్పించి, ఇంటికి మనిషిని కల్పించి వారు గెలిచిరి.

మన పట్టణమున సాయంకాలము బాలునికి నెక్కడికి పోదగును? బస్తీల నడుమనున్న ఖాళీస్థలము అపార్టుమెంటైనది. కళాశాల మూడంతస్తుల భవనము. ఆటస్థలము ప్రకటనపత్రములోని బొమ్మ. గ్రంథాలయము పరీక్షాపుస్తకములతో కుస్తీపట్టు శాల. టీకొట్టు, మొబైలు, పర్మిటురూము - ఈ మూడును ఏ ప్రొద్దునైనను తలుపు తీసి 'రమ్ము' అని పిలుచుచుండును. కంటోన్మెంటు మైదానములు, పాఠశాలల ఆవరణములు సాయంకాలము తాళములు పడియుండుట మాకెప్పుడును అర్థముగాని విషయము. తాళముచెవి యొక వ్యాయామోపాధ్యాయుని చేతికిచ్చి రాత్రి తొమ్మిది వరకు దీపములు పెట్టుటకు, ఒక మద్యపుదుకాణపు దరఖాస్తు రుసుములో నెంత వ్యయమగును?

ఇంట చేయదగిన పని మరింత చిన్నది, మరింత కష్టమైనది. బిడ్డ నోటివాసన పసిగట్టిన రాత్రి ఏమియు చర్చింపవలదు. మత్తులో నున్నవానితో మాటలాడుట గోడతో మాటలాడుట. వాంతి గొంతున పడకుండ ప్రక్కకు త్రిప్పి పరుండబెట్టవలెను. లేపినను లేవక శ్వాస మందగించిన యెడల ఆసుపత్రికి చేర్పవలెను. మరునాడు, వాడు సిగ్గుతో తల వంచి కూర్చున్నపుడు, ఎంత త్రాగితివని గాక ఏమి జరిగినదని అడుగవలెను. జవాబు మొదటిసారి రాదు. మూడవసారి వచ్చును. పెక్కుమందికి ఒకరిద్దరు పెద్దల మాటసాయము చాలును. కొందరికి వైద్యము కావలెను. ఎఱ్ఱగడ్డ పేరు మన నగరమున తిట్టుగా మారినందున, అచ్చటి మానసిక వైద్యాలయము గడప నెక్కించుటకు తల్లులు జంకుచున్నారు. గాంధీ ఆసుపత్రిలోను మానసికవైద్యులున్నారు. గడప నెక్కలేనివారు 2022 అక్టోబరునుండి కేంద్రప్రభుత్వము నడపుచున్న 14416 అను ఫోనునకు తెలుగులోనే మాటలాడవచ్చును. వ్యసనమునకు ప్రత్యేకముగా 14446 కలదు. ఈ రెండు సంఖ్యలు హాస్టలు గోడలపై, ఫలితముల వరుసల ప్రక్కన, అంతే పెద్ద అక్షరములతో వ్రాయబడవలెనని కళాశాలల యజమానులను కోరుచున్నాము.

జిల్లాల గృహస్థులకు ప్రత్యేకముగా నొక మాట. నెలకొకసారి డబ్బు పంపుటకు బదులు నెలకొకసారి మీరే వచ్చి, బిడ్డ గదిలో ఆ రాత్రి పరుండి పొండు. ప్రక్కమంచపు పిల్లవాని పేరు, ఊరు తెలిసికొనుడు; వానికిని ఇంటినుండి తెచ్చిన జొన్నరొట్టె పెట్టుడు. సీసా నిచ్చినచేయి వానిదే యైనను కావచ్చును. వాని తండ్రియు మీవలెనే ఎక్కడనో దూరమున నున్నాడు.

ప్రస్తుత మద్యపు లైసెన్సుల గడువు 2027 నవంబరుతో ముగియును. తరువాతి చీట్లు వేయుటకు ముందు, ఇరువదియొక్క యేండ్లు నిండనివారి కమ్మినట్లు రుజువైన దుకాణమునకును, దాని యజమానికిని మరల లైసెన్సు దక్కదను నిబంధన చేర్పవలెను. వయస్సు పత్రము అడుగుట ప్రతి యమ్మకమునకు విధిగా చేయవలెను. కళాశాలల వీథులలోని దుకాణముల తనిఖీ వివరములు వార్డులవారీగా ప్రకటింపవలెను. దీనికి క్రొత్త చట్టము అక్కరలేదు, క్రొత్త సిబ్బంది అక్కరలేదు. ఆబ్కారీశాఖవారు ఒక సంతకము పెట్టిన చాలును. శాసనసభ్యుల యొద్దకు ఈ కోరికను కొనిపోవుటకు బస్తీ సంఘములకును, తల్లిదండ్రుల సమితులకును కావలసినంత వ్యవధి కలదు.